వెస్లీ బులే కొట్టని గోల్

లోకంలో జరిగిన ప్రతిదీ జరిగినట్టు కాదు. జరిగిందని పాయింట్ల పట్టిక ఒప్పుకోవాలి. ఈ సత్యం తెలుసుకోవడానికి వేదాంతులకు జన్మలు పట్టిందంటారు గానీ, గిజో అనే దీవి పట్నంలో పడమటి దీవుల ఫుట్‌బాల్ లీగు దీన్ని ఒక్క మధ్యాహ్నంలో నిబంధన పదకొండుగా ఆమోదించేసింది (అనుకూలం ఆరు, వ్యతిరేకం సున్నా, నిద్రలో ఇద్దరు).

ఆ నిబంధన ప్రకారం, ఏ జట్టయినా వరసగా మూడు ఆటలకు రాకపోతే ఆ ఏడాది ఆ జట్టు పుట్టనే లేదు. దానితో ఆడినవాళ్లు ఆడనట్టే, గెలిచినవాళ్లు గెలవనట్టే.

ఈ ఏడాది అలా పుట్టకుండా పోయిన జట్టు రీఫ్ యునైటెడ్. వాళ్లది దూరపు దీవి. పడవకున్న ఒక్కగానొక్క ఇంజనును పాస్టరు గారి కూతురి పెళ్లికి ఇచ్చారు. ఆ పెళ్లి మూడు వారాలు సాగింది.

దెబ్బ మాత్రం వెస్లీ బులేకి తగిలింది. వెస్లీ పద్దెనిమిదేళ్లుగా లగూన్ రోవర్స్ డిఫెండరు. వయసు ముప్పై ఏడు. మోకాళ్లలో ఒకటి అతని మాట వింటుంది, రెండోది వాన మాట వింటుంది. అన్నేళ్లలో ఒక్క గోలూ కొట్టని మనిషి, మొన్న జూన్‌లో రీఫ్ మీద ఆడుతూ, గండం గడిస్తే చాలని బంతిని గట్టిగా తన్నాడు. సముద్రపు గాలి దాన్ని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోయి, అవతలి గోల్‌కీపరు వక్కకు సున్నం అద్దుకుంటుండగా, అతని తల మీదుగా వలలో పడేసింది. రోవర్స్ ఒకటి, రీఫ్ సున్నా. ఆనాటి నుంచి వెస్లీ చేపలు కొనడానికి మార్కెట్‌కి వెళ్లినా ఆ గోల్‌ని వెంట తీసుకెళ్లేవాడు. భార్య నెస్టా ఆ కథ నలభై సార్లు విన్నది. నలభయ్యోసారికి బంతి చర్చి శిలువ కంటే ఎత్తుకు వెళ్లింది.

సీజను ముగిసేసరికి రోవర్స్‌కీ మార్కెట్ స్టార్స్‌కీ పాయింట్లు సమానమయ్యాయి. గోల్స్ తేడాలో స్టార్స్ ఆరు ముందున్నారు. ఎందుకంటే రీఫ్ మీద వాళ్లు కొట్టింది ఏడు, రోవర్స్ కొట్టింది వెస్లీది ఒక్కటి. రీఫ్ పుట్టలేదని తేలిపోతే ఆ ఆరూ ఎగిరిపోతాయి. రోవర్స్ పుట్టిన దగ్గర నుంచి కప్పు ముఖం చూడలేదు.

అయితే నిబంధన పదకొండు దానంతటది కదలదు. దరఖాస్తు పెట్టాలి, దానికి ఫారం తొమ్మిది జతచేయాలి. ఫారం తొమ్మిది అంటే, దరఖాస్తు పెట్టే జట్టులో గోల్ కొట్టినవాడు, తాను గోల్ కొట్టలేదని చేసే సంతకం. ఇద్దరు సాక్షులు కావాలి (ఇద్దరూ ఆ గోల్‌ని కళ్లారా చూసినవాళ్లై ఉండాలి).

రోవర్స్ కార్యదర్శి బర్నబా, నెస్టాకు స్వయానా తమ్ముడు. ఇంటికొచ్చి, కూర్చోకముందే చేతిలో వక్కలు పెట్టాడు.

"బావా, నువ్వు కాదనవని నాకు తెలుసు."

"కాదంటున్నా."

"ఇంకా అడగందే?"

"చంకలో కాగితం కనబడుతోందిరా."

"ఒక్క సంతకం బావా. ఆ ఆట తీసేస్తే గోల్స్ తేడా సమానం, కొట్టినవి సమానం, మనమూ వాళ్లూ ఆడిన రెండూ డ్రా. ఇంక మిగిలింది పసుపు కార్డులు. తక్కువున్నోళ్లదే కప్పు. మనకి తొమ్మిది, వాళ్లకి పది. మూడుసార్లు లెక్కేశా."

"నాకున్నదే ఒక్క గోలురా."

"నీది ఒక్కటే పోతోంది. స్టార్స్ వాళ్లవి ఏడు. వాళ్ల కడుపుకోత ఆలోచించు."

నెస్టా చిలగడదుంపలు చెక్కు తీస్తూ అంది. "పెట్టెయ్యరాదా. గోల్ పోతే ఆ కథా పోద్ది. ఒక పూటైనా ప్రశాంతంగా తింటాం."

వెస్లీకి నిజంగానే ఏడుపొచ్చింది. కానీ జట్టంతా కప్పు లేకుండా ముసలైపోతోంది, అందులో తనే అందరికంటే ముందు. సంతకం పెట్టాడు. సాక్షిగా బర్నబా చకచకా గీకేశాడు. నెస్టా చెయ్యి మాత్రం కాగితం మీద కాసేపు ఆగింది.

"మంచి గోలే," అంది మెల్లగా. తర్వాత తనూ పెట్టింది.

శనివారం లీగు సభ జరిగింది. బయట రోవర్స్ వాళ్లు అప్పటికే రాళ్ల పొయ్యిలో పందిని పెట్టేశారు. పెళ్లి అయిపోవడంతో రీఫ్ కెప్టెన్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. లేని జట్టుకు కుర్చీ ఉండదని అతన్ని లేపి నిలబెట్టారు. అధ్యక్షుడు జోరిమ్ పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"రీఫ్ యునైటెడ్ లేదు. వెస్లీ బులే గోల్ లేదు. ఇక కార్డులు. స్టార్స్ పది. రోవర్స్ పదకొండు."

బర్నబా లేచాడు. "తొమ్మిదండీ."

"రీఫ్‌తో ఆటలో రెండు."

"ఆ ఆటే జరగలేదు కదయ్యా?"

"ఆట జరగలేదు. అల్లరి జరిగింది. పాయింట్లు పట్టికవి, ప్రవర్తన మనిషిది. నిబంధన పదకొండు మనిషి జోలికి పోదు." పెద్దాయన పేజీ తిప్పాడు. "ఒకటి, వెస్లీ బులే జెర్సీ విప్పి సముద్రంలోకి విసిరినందుకు. రెండు, జట్టు కార్యదర్శి లైన్స్‌మన్‌ని భుజాల మీద ఎక్కించుకుని మైదానమంతా తిప్పినందుకు."

బర్నబా కూర్చున్నాడు. స్టార్స్‌కి రీఫ్ మీద ఆటలో ఒక్క కార్డూ లేదు (ఏడు కొట్టి కూడా ఎవరూ నవ్వలేదట). కప్పు వాళ్లదైంది. పందిని మాత్రం వాయిదా వేయడం కుదరదు కాబట్టి అందరూ తిన్నారు, స్టార్స్ కాస్త ఎక్కువ తిన్నారు.

వెస్లీకి మింగుడు పడలేదు. "అయ్యా, గోలే లేకపోతే నేను జెర్సీ ఎందుకు విప్పినట్టు?"

ఇన్నేళ్లలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదన్నట్టు పెద్దాయన ముఖం వెలిగింది. చాలాసేపు పుస్తకం తిరగేశాడు.

"గోల్ కొట్టి విప్పితే ఒక కార్డుతో పోయేది నాయనా. కారణం లేకుండా నలుగురిలో బట్టలు విప్పితే నిబంధన ఇరవై మూడు. మూడాటల నిషేధం."

వారం తిరక్కుండా ఉత్తర్వు ఇంటికొచ్చింది. "కొట్టని గోల్‌కు అమితంగా సంతోషించినందుకు" అని ముద్ర వేసి మరీ రాశారు. వెస్లీ దానికి అద్దం బిగించి గోడకు తగిలించాడు. పద్దెనిమిదేళ్లలో లీగు అతని పేరునూ గోల్ అన్న మాటనూ ఒకే కాగితం మీద అచ్చువేసింది అప్పుడే.