సర్వేయరు గారి దగ్గర దారి

ఆ సుదీర్ఘ యాత్రలో అది పదకొండో రోజు. పొద్దున్నే బస మెట్ల మీద కూర్చుని, బూట్ల లేసులు బిగించుకుంటూ సర్వేయరు గారు ఆనాటి కార్యక్రమం ప్రకటించారు. "ఇరవై రెండు కిలోమీటర్లు. మూడింటికల్లా తర్వాతి బసలో ఉంటాం. వేడినీళ్ల స్నానం, ఆపైన నిద్ర."

"మీరుంటారు. నేను నా నడక నడుస్తాను," అంది ఆయన భార్య, సీసాలో నీళ్లు నింపుతూ. ముప్పై ఏళ్లు నర్సుగా ఆసుపత్రి వార్డుల్లో తిరిగిన మనిషి. ఆమెకు నడక కొత్త కాదు, తొందరంటేనే గిట్టదు. "దారి చూసుకుని వెళ్లండి."

"నాకా చెప్తున్నావు? ఊళ్లకు ఊళ్లు కొలిచిన కాళ్లివి. దారి తప్పిందీ లేదు, ఒకర్ని దారి అడిగిందీ లేదు."

గొప్పలే గానీ అబద్ధం కాదు. యాత్రికుల కోసం దారి పొడవునా రాళ్ల మీద పసుపు గీతలు గీసి ఉంటాయి. సర్వేయరు గారు వాటివైపు కన్నెత్తి చూడరు. నాలుగో రోజున ఒక మైలురాయి ముందు నిలబడి, "ఇది రెండొందల మీటర్లు తప్పు" అన్నారు. ఎవరో ఫోనులో చూశారు. నిజమే! అప్పటినుంచి తోటి యాత్రికులు ఆయనకు 'కొలతల పెద్దాయన' అని పేరు పెట్టుకున్నారు.

తొమ్మిది గంటలవేళ, పొద్దున తాగిన మూడు గ్లాసుల కాఫీ ఆయనకు తన ఉనికిని తెలియజేసింది. ముందూ వెనకా మనుషులే. దూరంగా కుడివైపు గుట్ట కింద దట్టమైన పొదలు కనిపించాయి. ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, పసుపు గీతను వదిలి అటు తిరిగారు.

వెనక వస్తున్న పళ్ల డాక్టరమ్మ ఆగింది. "గీత నేరుగా పొమ్మంటోంది కదండీ?"

"గీతలు గీసినవాడు మైలురాయి పాతినవాడికి తమ్ముడై ఉంటాడు," అన్నాడు ఆమె పక్కనున్న రిటైరైన బస్సు కండక్టరు. "కొలతల పెద్దాయన ఇటు తిరిగాడంటే ఇటే దారి. పదండి!"

పొద ఇంకో పదడుగులుందనగా సర్వేయరు గారికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఏడుగురు. అందరి ముఖాల్లోనూ నమ్మకం.

"ఇటేనా అండీ?" అంది డాక్టరమ్మ.

'మీరు వెళ్లండమ్మా, నాకు చిన్న పనుంది' అంటే సరిపోయేది. కానీ ఆడవాళ్ల ముందు ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. బదులుగా ఇంకో మాట జారింది. "ఊఁ... దగ్గర దారి."

"దగ్గర దారట!" కండక్టరు గొంతు గుట్టకు తగిలి మారుమోగింది. అసలు దారిలో పోతున్నవాళ్లు కూడా ఆగి, ఇటు మళ్లారు.

ఇక సర్వేయరు గారు నడిచారనడం తప్పు, దూసుకుపోయారు. ఎంత వేగంగా నడిస్తే వాళ్లకు అంత దూరమవుతానని ఆయన ఆశ. ఆయన ఎంత వేగంగా నడిస్తే అంత భక్తి అని వాళ్ల నమ్మకం. "ఈ వయసులో ఏం చురుకండీ!" అని రొప్పుతూనే మెచ్చుకున్నారు. ఆయన పొదవైపు ఒరిగినప్పుడల్లా వరుస మొత్తం అటే ఒరిగింది. చివరినుంచి కండక్టరు, "ముందుకు జరగండి! మధ్యలో ఖాళీ వదలకండి!" అని తరుముతూనే ఉన్నాడు.

గంట తర్వాత గుట్ట మీద ఒంటరి ఇల్లొకటి కనిపించింది. వాకిట్లో ఒక ముసలమ్మ బట్టలు ఆరేస్తోంది. సర్వేయరు గారు గబగబా వాకిట్లోకి నడిచారు. ఆయన ముఖం చూసి ఆమే, "ఇంటి వెనక, రేకు తలుపు," అంది.

ప్రాణం లేచొచ్చి ఆయన ఆ తలుపు తెరుచుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా వరుస కట్టి ముప్పై ఎనిమిది మంది. టోపీలు చేతుల్లో ఉన్నాయి. గడప మీద ఎవరో రెండు అడవిపూలు పెట్టారు.

"ఈ స్థలం మహిమేంటో చెప్పండి," అంది డాక్టరమ్మ మెల్లగా.

"మా దొడ్డికి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు," అంది ముసలమ్మ, నవ్వాపుకుంటూ.

ఒక కథ అల్లితే గండం గడిచిపోతుంది. అల్లబోయారు కూడా. అంతలో వరుసలో మొదట నిలబడ్డ ముసలి వడ్రంగి కనిపించాడు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఆసుపత్రిలో ఉన్న కూతురి పేరు మళ్లీ మళ్లీ అనుకుంటున్నాడు. చెంపల మీద తడి. ఇక కథ అల్లడం సర్వేయరు గారి వల్ల కాలేదు.

ఆయన వెళ్లి ఆ చేతులు పట్టుకున్నారు. "వద్దయ్యా. ఇక్కడ మహిమా లేదు, మన్నూ లేదు. నేను దారి వదిలింది పొద కోసం. సిగ్గుపడి అబద్ధమాడాను. తప్పు నాది." వెనకవాళ్లకు వినపడలేదని గొంతు పెంచి మళ్లీ అన్నారు. "తప్పు నాదే!"

ముందు నవ్వింది వడ్రంగే. "దేవుడు ఇంటి వెనక నుంచి వినడా ఏంటి సారూ?" అన్నాడు కళ్లు తుడుచుకుని. ఆ నవ్వు వరుస చివరిదాకా పాకింది.

"నవ్వుకున్నాం సరే. ఇప్పుడెలా?" అన్నాడు కండక్టరు. ఫోనుల్లో సిగ్నల్ లేదు. పొదల మధ్య వంకరటింకరగా వచ్చిన దారి ఎవరికీ గుర్తులేదు.

సర్వేయరు గారు జన్మలో మొదటిసారి దారి అడిగారు. "ఇంటి వెనక్కి దిగితే వాగొస్తుంది," అంది ముసలమ్మ. "అవతల ఇప్పుడెలా ఉందో తెలీదు. మోకాళ్లు పోయాక దాటలేదు."

"అది చాలమ్మా." ఆయన కర్రపుల్లతో నేల మీద గీత గీశారు. వచ్చిన అడుగులెన్నో ఆయనకు గుర్తే. అంత అవస్థలోనూ లెక్క వదల్లేదు, అలవాటు అలాంటిది. నీడ పొడవు చూశారు, వాగు వాలు చూశారు. "నాలుగువేల అడుగులు తూర్పుకి. అక్కడ పసుపు గీత తగలకపోతే నన్ను సర్వేయరని పిలవద్దు."

వడ్రంగి సంచీ తన భుజాన వేసుకుని ముందు నడిచారు. అందరూ బిగ్గరగా లెక్కపెట్టారు. మూడువేల తొమ్మిదివందల అరవై దగ్గర డాక్టరమ్మ కేక వేసింది. పసుపు గీత! కండక్టరు తలలు లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. ఒక్కటీ తగ్గలేదు.

"ఈ సంగతి మా ఆవిడకు మాత్రం..." అన్నారు సర్వేయరు గారు బస దగ్గర పడుతుంటే.

"నా నోట రాదు సార్," అని కండక్టరు ఒట్టేశాడు.

పొద్దు వాలుతోంది. బస గుమ్మంలో ఆయన భార్య, పక్కన బస మేనేజరు. "వెతకడానికి మనుషుల్ని పంపుతానంటే ఈవిడ ఒప్పుకోలేదండీ," అన్నాడు మేనేజరు. "'ఆయన వెంట ఎవరున్నా భద్రంగా తెస్తారు' అని ఒకటే మాట."

"తెచ్చారమ్మా!" కండక్టరు ఒట్టు గట్టు మీద పెట్టాడు. పొద, రేకు తలుపు, నాలుగువేల అడుగులు, అన్నీ చెప్పేశాడు. సర్వేయరు గారు తల వంచుకుని చీవాట్ల కోసం ఎదురుచూశారు.

ఆమె మాత్రం వేరే అడిగింది. "తప్పు నాది అన్నారా? ఈయనే? అందరి ముందూ?"

"రెండుసార్లు!" అంది డాక్టరమ్మ. "రెండోసారి ఇంకా గట్టిగా."

ఆమె ముఖం వెలిగిపోయింది. భర్త భుజాన ఉన్న రెండు సంచీలూ దింపి, అంతమందిలోనూ ఆయన చెయ్యి పట్టుకుంది. "మా ఆయనండీ," అంది అక్కడివాళ్లకు కొత్తగా పరిచయం చేస్తున్నట్టు. సర్వేయరు గారి వెన్ను రెండంగుళాలు నిటారైంది.

"పెళ్లయిన ముప్పై నాలుగేళ్ల నుంచి ఎదురుచూస్తున్న మాట," అంది ఆయనకు మాత్రమే వినపడేలా. "తీరా అన్నరోజు నేను పక్కన లేకపోయాను."

మర్నాటి నుంచి ఆమె ఆయనకు అడుగు దూరంలోనే నడిచింది, మళ్లీ అంటే వినడానికి.