కుర్చీలు అమ్మేవాళ్లకు కుర్చీ ఎందుకండీ?

మనిషి కనిపెట్టిన వస్తువులన్నిటిలోకీ ప్రమాదకరమైనది కుర్చీ. తుపాకీ కాదు, బాంబు కాదు, ఆఖరికి సెల్‌ఫోన్ కూడా కాదు. కుర్చీ!

ఏదో నోటికొచ్చింది అంటున్నాననుకోకండి. నేను కుర్చీలు అమ్ముతాను. మూడంతస్తుల ఫర్నిచర్ షోరూమ్‌లో కింది అంతస్తు నాది. సోఫాలు, రిక్లైనర్లు, ఆఫీసు కుర్చీలు. పొద్దున పదింటి నుంచి షట్టరు దించేదాకా, కూర్చోవడంలో ఎంత సుఖముందో జనానికి వివరిస్తుంటాను. నిలబడి వివరిస్తుంటాను.

డిగ్రీలో తర్కశాస్త్రం చదివినదాన్ని కాబట్టి, ఇందులో ఏదో తిరకాసు ఉందని మొదటి రోజే అనిపించింది. రెండో రోజుకు అరికాళ్లు మండటం మొదలై తర్కం సంగతి మరిచిపోయాను.

ఒక మధ్యాహ్నం బేరాల్లేక లెక్కపెట్టాను. మా షోరూమ్‌లో మనిషి కూర్చోగల చోట్లు రెండువందల పద్నాలుగు. పడుకోగల చోట్లు ముప్పైఒకటి. సిబ్బంది పందొమ్మిది మంది. సిబ్బంది కూర్చోగల చోట్లు సున్నా. ఇంత పెద్ద ప్రపంచంలో ఇంత స్వచ్ఛమైన సున్నా మీకెక్కడైనా దొరుకుతుందా?

మెట్ల పక్కన గోడకు లామినేషన్ చేసిన బోర్డు ఒకటుంది. "సిబ్బంది కూర్చోరాదు. కస్టమర్ ఎదుట డెమో నిమిత్తం ఒక్క నిమిషం మాత్రమే కూర్చోవచ్చును." ఆ 'వచ్చును'లో ఎంత దయ ఉందో చూశారా!

ఆ దయామయుడు మా మేనేజరు గారు. "నిటారుగా నిలబడండమ్మా, నిటారుగా" అని రోజుకు నలభైసార్లు అంటారు గనక మేమంతా ఆయన్ని నిటారు సారు అంటాం. ఆయన వెనకాల అంటాం. అద్దాల గదిలో, తలకు కూడా దిండున్న చక్రాల కుర్చీలో వాలి, కెమెరాల్లో మమ్మల్ని చూస్తుంటారు పాపం. మా కోసం కూర్చోవడమనే నరకాన్ని ఆయనొక్కరే భరిస్తున్నారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "సార్, బేరాల్లేనప్పుడు కాసేపు కూర్చుంటే ఏమవుతుంది సార్?"

"అమ్మేవాళ్లు కూర్చుంటే కస్టమర్‌కి సోఫా సెకండ్ హ్యాండ్ అనిపిస్తుందమ్మా."

ఎంత లోతైన మాట! మూడేళ్లు తర్కశాస్త్రం చదివినా నాకు తట్టలేదు.

ఇంతకీ నిలబడటం వల్ల లాభాలేమిటంటారా? నాకు పెళ్లై నలభై రెండు రోజులైంది. నా సంసారం ఇంత ముచ్చటగా సాగుతోందంటే కారణం నిటారు సారే.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా కూర్చునే ఉంటాడు. నేను రోజంతా నిలబడే ఉంటాను. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఆరోగ్యవంతుడైన మనిషి ఒకడు తేలతాడు. అందుకే రెండు గదుల మా ఇంట్లో ఒకే ఒక్క కుర్చీ ఉంది. దాని కోసం ఒక్కనాడూ గొడవ రాలేదు. మా అత్తగారికి నేల మీద పీటే సుఖం. నేను కుర్చీలో కూర్చుని తింటాను, ఆయన నడుం పట్టేసిందంటూ కిటికీ దగ్గర కంచం పట్టుకుని నిలబడి తింటాడు. మిగతా దంపతులు రిమోట్ కోసం కొట్టుకుంటారట. మాకు కుర్చీ కోసం కూడా కొట్టుకునే భాగ్యం లేదు.

తిన్నాక ప్లాస్టిక్ టబ్బులో వేణ్నీళ్లు పోసి, ఉప్పు వేసి, నా కాళ్లు అందులో పెట్టిస్తాడు. కాసేపటికి ఆయన కాళ్లు కూడా దిగుతాయి.

"నీకేం నొప్పి? నువ్వు కూర్చునేగా వచ్చావ్!" అంటాను.

"తోడు" అంటాడు.

చెప్పండి, షోరూమ్‌లో నాకొక స్టూలుంటే ఆ టబ్బు ఎక్కడిది? ఆ తోడు ఎక్కడిది?

ఇంకోటి. నాలుగూ పదికి ఆయన బస్సు మా షోరూమ్ ముందు నుంచి పోతుంది. రెండుసార్లు హారన్ కొడతాడు. నేను నిలబడే ఉంటాను గనక అద్దంలోంచి కనబడతాను. కూర్చుంటే సోఫాల వెనక మునిగిపోనూ? ప్రేమకు కుర్చీని మించిన శత్రువు లేదు. అది ప్రమాదకరమైనదని నేను ఊరికే అనలేదు.

పెళ్లినాటికి నా చెప్పుల సైజు ఆరు. ఇప్పుడు ఏడు. ఇంత కొద్దికాలంలో ఇంత ఎదుగుదల ఇంకే కంపెనీ ఇస్తుంది?

ఇంత చక్కగా సాగిపోతున్న మా నిలువు జీవితాన్ని చెడగొట్టింది బిల్లింగ్ అక్క. బిల్లింగ్ కౌంటర్‌లో ఆరేళ్లుగా పని చేస్తోంది కాబట్టి ఆమె పేరే అదైపోయింది. ఆమెకిప్పుడు ఏడో నెల. డాక్టరమ్మ గంటకోసారైనా కూర్చోవాలంది. డాక్టర్లకేం తెలుసు, వాళ్లు కూర్చుని చెబుతారు!

ఒకరోజు కళ్లు తిరిగి, అక్క పక్కనే ఉన్న సోఫా చేతి మీద కూలబడింది. కెమెరాలో దొరికిపోయింది. సగం రోజు జీతం కోత. కూర్చున్నది నలభై సెకన్లు. ఆ లెక్కన మా షోరూమ్‌లో అన్నిటికన్నా ఖరీదైన సీటు అదే. ఎవరికైనా కావాలంటే చెప్పండి, డిస్కౌంట్ లేదు.

అప్పుడు నా కళ్లు గోడ మీది బోర్డు మీద పడ్డాయి. కస్టమర్ ఎదుట ఉంటే ఒక్క నిమిషం కూర్చోవచ్చును! అయితే అక్కకు కావలసింది కుర్చీ కాదు, కస్టమర్లు. ఇంటికెళ్లి మా అత్తగారితో చెప్పాను.

మర్నాడు పదకొండింటికల్లా అత్తగారు చేతిసంచీతో దిగారు. నన్నెప్పుడూ చూడనట్టే నా ముందు నుంచి నడిచిపోయి, బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆగారు.

"ఏమ్మాయ్, నువ్వు ఆ కుర్చీలో కూర్చుని చూపించు. నిండు మనిషికి సరిపోతుందో లేదో చూడాలి."

"నేను బిల్లింగండీ."

"నాకు నువ్వే కావాలి. కొత్త కోడలొచ్చింది మా ఇంటికి. రేపో మాపో దానికీ అవసరమొస్తుంది."

నేను రిక్లైనర్ వెనకాల దాక్కున్నాను. ఏదో ధర చీటీలు సర్దుతున్నట్టు!

అక్క కూర్చుంది. నిమిషం అయ్యాక అత్తగారు పక్క కుర్చీ చూపించారు. మళ్లీ నిమిషం. ఆ పూట ఇరవై రెండు కుర్చీలు చూశారు. మర్నాడు పరుపుల సెక్షన్ అతని బావమరిది వచ్చాడు. ఆ తర్వాత సెక్యూరిటీ బాబాయి కూతురు, అల్లుడు. మా షోరూమ్‌లో ఇంత సందడి ఎప్పుడూ లేదు. అమ్మకాలు మాత్రం సున్నా. మళ్లీ ఆ స్వచ్ఛమైన సున్నా!

అత్తగారు నాలుగోసారి వచ్చినప్పుడు నిటారు సారు అద్దాల గదిలోంచి బయటికొచ్చారు. "అమ్మగారూ, ఇన్నిసార్లు చూశారు, ఇంకా తేల్చుకోలేదా?"

"కుర్చీ ముప్పై ఏళ్లుండేది బాబూ. నా మొగుణ్ణి ఇంతసేపు చూడకుండా కట్టుకునే కదా అనుభవించాను!"

సారుకు అనుమానం వచ్చింది. సాయంత్రానికి బోర్డు మీద ఇంకో లైను అతికించారు: డెమో ఆ సెక్షన్ వాళ్లే ఇవ్వాలి. తర్వాత అక్కను లోపలికి పిలిచి చాలా మెత్తగా మాట్లాడారు.

"నీ కష్టం చూడలేకపోతున్నానమ్మా. ఇంటిదగ్గర రెస్ట్ తీసుకో. రాజీనామా నేనే టైప్ చేయించాను. సంతకం పెడితే చాలు."

సంతకం పెడితే ప్రసవానికి రావలసిన జీతంతో సెలవు పోతుంది. ఆరేళ్ల ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి సారు మరిచిపోయి ఉంటారు. పనుల ఒత్తిడి! అక్క సంతకం పెట్టకుండానే ఆ కాగితం మడిచి తెచ్చి, కౌంటర్ కింద పెట్టింది. వరసగా మూడు బిల్లులు తప్పు కొట్టింది. ఆరేళ్లలో మొదటిసారి.

ఆ రాత్రి టబ్బు దగ్గర మా ఆయనకు చెప్పాను. వాళ్లకు యూనియనుంది, ఇలాంటివి తెలుసు.

"అందరూ కలిసి అర్జీ రాయండి."

"మొదటి సంతకం ఎవరు పెడతారు? వాళ్లనే మొదట పంపిస్తారు."

ఆయన కాళ్లు తుడుచుకోకుండానే లేచి, వంటింట్లోంచి కంచం తెచ్చి కాగితం మీద బోర్లించాడు. "గుండ్రంగా పెట్టండి. గుండ్రానికి మొదలేది, చివరేది?"

ఆయన కంచం కదలకుండా పట్టుకున్నాడు, నేను చుట్టూ పెన్సిల్‌తో గీశాను. మేమింకా హనీమూన్‌కు వెళ్లలేదు. కానీ ఎవరైనా అడిగితే ఆ రాత్రి గురించే చెబుతాను.

గుండ్రం లోపల మూడు కోరికలు రాశాం. బిల్లింగ్ కౌంటర్‌కూ, ప్రతి సెక్షన్‌కూ ఒక్కో స్టూలు. అక్కకు ఉద్యోగం, సెలవు. ఇక మూడోది: షట్టరు దించాక సోఫాలన్నిటికీ దుప్పట్లు కప్పి పడుకోబెట్టే ముప్పావుగంటకు జీతం. అవును, మా దగ్గర సోఫాలకు విశ్రాంతి ఉంది. చుట్టూ పందొమ్మిది సంతకాలు.

సారు ఆ కాగితాన్ని అందుకుని తిప్పారు. ఇంకాస్త తిప్పారు.

"ఇది ఎక్కణ్ణుంచి మొదలవుతుంది?"

"ఎక్కణ్ణుంచైనా సార్" అన్నాడు సెక్యూరిటీ బాబాయి.

"మొదట ఎవరు పెట్టారని అడుగుతున్నా!"

"కాగితం తిరుగుతూ వచ్చింది సార్. మేమూ చూసుకోలేదు."

సారు ఇంకో చుట్టు తిప్పబోయి టీ ఒలకబోసుకున్నారు.

అయినా ఆయన మనసు వెన్న! మర్నాడే కౌంటర్ వెనక ఒక స్టూలు వేయించారు. ప్లాస్టిక్ కవరూ తీయలేదు, ధర చీటీ కూడా తీయలేదు. అక్క కవరు చప్పుడవుతుంటే కూర్చుంది. ఒకటిన్నర రోజు కూర్చుంది. మూడు అంతస్తుల వాళ్లం ఏదో ఒక వంకన వచ్చి చూసిపోయాం.

రెండో రోజు మధ్యాహ్నం ఒకావిడ వచ్చి, సరిగ్గా ఆ స్టూలే కావాలన్నారు. సారు బయటికొచ్చి, "లేమ్మా, కస్టమర్ అడుగుతున్నారు" అన్నారు. అక్క లేచింది. తాను కూర్చున్న స్టూలుకు తానే బిల్లు కొట్టింది. రసీదు చింపి ఇచ్చింది. థాంక్యూ కూడా చెప్పింది.

తర్వాత కౌంటర్ పట్టుకుని మెల్లగా వంగి, నేల మీద కూర్చుంది.

పడిపోతుందేమోనని పట్టుకోబోయాను. సగం వంగినదాన్ని ఎలాగూ వంగాను కదా అని నేనూ కూర్చున్నాను. పరుపుల అతను మెట్ల మీంచి చూశాడు, వచ్చి కూర్చున్నాడు. బాబాయి తలుపు దగ్గర టోపీ తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పై అంతస్తుల వాళ్లు దిగివచ్చారు. రెండువందల పద్నాలుగు సీట్ల మధ్య, పందొమ్మిది మందిమి నేల మీద! నేలకు ధర చీటీ లేదు చూడండి.

"ఏంటిది! కస్టమర్ ముందు!" అన్నారు సారు.

"కస్టమర్ ముందేగా సార్ కూర్చోమన్నారు" అంది అక్క. "డెమో."

"ఒక్క నిమిషమే అని రాసుంది!"

"ఒక్కొక్కళ్లకి ఒక నిమిషం సార్" అన్నాడు బాబాయి. "పందొమ్మిది మందిమి. అయ్యాక మళ్లీ మొదలెడతాం."

స్టూలు కొన్నావిడ బిల్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మేం లేవలేదు. గడియారం నాలుగూ పది చూపించింది.

హారన్ రెండుసార్లు మోగింది. అద్దంలో నేను కనబడలేదు. షోరూమ్ వాళ్లెవరూ కనబడలేదు, నిటారు సారొక్కరే కనబడ్డారు. బస్సు ఆగిపోయింది. ఈసారి హారన్ ఆగకుండా మోగింది. కిటికీల్లోంచి, ఫుట్‌బోర్డు మీంచి నలభై మంది తొంగి చూస్తున్నారు. ఏమైపోయానోనని మా ఆయన సగం బయటికి వేలాడుతున్నాడు. నేను సోఫాల మధ్యలోంచి చెయ్యి పైకెత్తి ఊపాను. ఆయన నవ్వాడు. బస్సు మాత్రం కదల్లేదు.

సారు బస్సును చూశారు, మమ్మల్ని చూశారు, బోర్డును చూశారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చారు. ఆయనకది అలవాటు లేని పని. పది నిమిషాలు గడిచాయో లేదో, పక్కనున్న కొత్త సోఫాలో కూలబడ్డారు.

"అయ్యో సార్, సెకండ్ హ్యాండ్ అయిపోయింది!" అంది అక్క.

అర్జీ మీద సంతకం పెట్టడానికి ఆయనకు చుట్టూ చోటు దొరకలేదు. మధ్యలో పెట్టారు. ఇప్పుడు కౌంటర్‌కూ, ప్రతి సెక్షన్‌కూ ఒక్కో స్టూలుంది, చీటీ లేకుండా. అక్క రాజీనామా కాగితాన్ని తన స్టూలు కాలి కింద ఎత్తుకు పెట్టుకుంది. ఒక కాలు కొంచెం పొట్టి. సెలవు మొదలయ్యేదాకా దాని మీదే కూర్చుంటుంది. ముప్పావుగంట జీతం గురించి హెడ్డాఫీసుకు రాశానన్నారు సారు. అది తేలేదాకా సోఫాలను పడుకోబెట్టడం మానేశాం. అవి మెలకువగానే ఉన్నాయి.

నా నష్టం ఎవరితో చెప్పుకోను? కాళ్లు నొప్పెట్టడం లేదు. నిన్న టబ్బు తీస్తే, "ఎందుకింక?" అన్నాడు మా ఆయన. అయినా వేణ్నీళ్లు పోశాను. "నీ నడుముకు తోడు" అన్నాను. ప్రతి ట్రిప్పు చివర ఐదు నిమిషాలు లేచి నిలబడే హక్కు కోసం వాళ్ల యూనియను కూడా కాగితం మీద గుండ్రం గీస్తోందట. మా కంచం అడిగి తీసుకెళ్లారు.

ఏమైనా నా మాట మీద నేనున్నాను. నిలబడటం వరమే! కాకపోతే వరం అడిగినవాళ్లకివ్వాలండీ. మేం అడిగింది స్టూలు.