తెగులు రహిత నియోజకవర్గంలో ఒక గుమ్మడి పాదు

మన నియోజకవర్గం బూడిద తెగులు లేని తొలి నియోజకవర్గంగా అవతరించిందని పెరటి పచ్చదనం శాఖ మంత్రి శ్రీనివాసరాజు గారు మంగళవారం ప్రకటించారు. మర్నాడు ఆ వార్త మేడమీది వరండాలో నిలబడి చదివి కిందికి చూశాను. ఇంటి యజమానురాలు కృపారాణి టీచరు గారి గుమ్మడి పాదు మీద పదకొండు ఆకులు తెల్లగా కనిపించాయి. ఆకులకు పేపరు చదివే అలవాటు లేకపోవడం వల్ల ఇలాంటి చిన్న పొరపాట్లు జరుగుతుంటాయి.

నేను మేడమీది వాటాలో అద్దెకుంటాను. ఒంటరివాణ్ణి. సొంత పనులేమీ లేనందువల్ల ఇతరుల పనులు శ్రద్ధగా గమనిస్తాను. కిందికి దిగి వెళ్లాను.

"దుమ్మేమో టీచరు గారూ. రోడ్డు పని జరుగుతోంది కదా."

ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి. ఒక ఆకు మీద వేలితో గీత గీశారు. "దుమ్మయితే తుడిస్తే పోతుంది అన్నయ్యగారూ. ఇదీ పోతుంది, కానీ రెండ్రోజుల్లో మళ్లీ వస్తుంది. ముందు రూపాయి బిళ్లంత మచ్చలు. తర్వాత ఆకంతా పిండి చల్లినట్టు అవుతుంది. ఆనక పండిపోయి ఎండిపోతుంది. ఆకు పోతే కాయకి తిండెక్కడిది?"

"మరెలాగండి?"

"తెల్లబడ్డ ఆకులు కోసి దూరంగా పారేయాలి. ఎరువు గుంటలో వేయకూడదు. తీగలు విడదీసి గాలి ఆడనివ్వాలి. గ్లాసు పాలకి తొమ్మిది గ్లాసుల నీళ్లు కలిపి పొద్దున్నే ఎండపొడలో చల్లాలి. ఆయన అలాగే చేసేవారు."

ఆయన అంటే టీచరు గారి భర్త జ్ఞానప్రకాశం గారు. మొన్న వేసవిలో పోయారు. ప్రతి ఏడూ ఈ పాదు తొలికాయ కోత పండుగనాడు చర్చికి వెళ్లేది. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే దాని మీద పిన్నీసుతో చిన్న సిలువ గీసేవారు. కాయతోపాటు సిలువా పెరిగేది. చర్చిలో వేలం వేసినప్పుడు తన కాయ తనే పాడుకుని, ఇంటికి తెచ్చి, కోసి, వచ్చే ఏటికి గింజలు దాచుకునేవారు. ఈ ఏడు డబ్బాలో మూడు గింజలే మిగిలాయి. ఒకటే మొలిచింది. దానికి ఒకటే కాయ నిలిచింది. సిలువ ఈసారి టీచరు గారు గీశారు. ఆ కాయ ముదిరితేనే గింజ. ముదరకపోతే పాదు కూడా ఆయనతోనే పోయినట్టు.

ఆవిడ కత్తెర తెచ్చుకునేలోపే గేటు దగ్గర బండి ఆగింది. పచ్చదనం పథకం ఫీల్డు ఆఫీసరు ఉదయభాస్కర్ ట్యాబు పట్టుకుని వచ్చాడు. విధి నిర్వహణలో అతనికి సాటి లేరు. చెప్పు విప్పకుండానే ఫొటో తీశాడు.

"బూడిద తెగులు బాబూ," అన్నారు టీచరు గారు. "ఏడో తరగతిలో నీకు శిలీంధ్రాల పాఠం చెప్పింది నేనే."

"గుర్తుందండి మేడం. అప్పట్లో ఉండేదండి. నిన్నటి నుంచి లేదండి."

"మరి ఇదేంటి?"

అతను ట్యాబు చూశాడు. "నాలుగు ఆప్షన్లు ఉన్నాయండి. దుమ్ము, సున్నం, టాల్కం పౌడరు, ఇతర."

"తెగులు?"

"తీసేశారండి. రాత్రి అప్‌డేట్ వచ్చింది." కాసేపు ఆలోచించి 'ఇతర' నొక్కాడు. "ఆ కత్తెర పక్కన పెట్టండి మేడం. ఈ పాదుకి డెబ్బై రెండు ఆకులని రిజిస్టరై ఉంది. ఒక్కటి తగ్గినా పచ్చదనం తగ్గినట్టు చూపిస్తుందండి."

"పోనీ పాలనీళ్లు చల్లుకోనా?"

"మందు వేశారంటే తెగులు ఉన్నట్టే కదండి."

ఈ తర్కం నాకు కొత్త కాదు. గుండెలో పట్టేసినట్టు ఉన్నప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి నేను చాలాసార్లు ఆరోగ్యవంతుణ్ణి అయ్యాను. కానీ ఒక మనిషి తన భయానికి చేసుకునే ఏర్పాటును ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున అమలు చేయగలదని ఊహించలేదు.

"సాక్షి సంతకం మీరు పెట్టండి సార్. పైవాటాలో ఉంటారు, మీకు బాగా కనిపిస్తుంది."

ట్యాబు మీద వేలితో సంతకం పెట్టాను. పెట్టాక చూస్తే ఆకులు కొంచెం పచ్చగానే ఉన్నాయనిపించింది. టీచరు గారు నా వైపు చూడలేదు.

పది రోజుల తర్వాత శుభవార్త వచ్చింది. తెగులు లేని పాదును మంత్రి గారు స్వయంగా దర్శిస్తారు. నియోజకవర్గంలో ఇన్ని వేల పాదులుండగా టీచరు గారి పాదునే ఎంపిక చేశారు. మా వీధి చివర మంత్రి గారి కారు తిరగడానికి చోటుంది.

అప్పటికి తెల్లని ఆకులు నలభై దాటాయి. ఉదయభాస్కర్ కంగారు పడలేదు. ఆకులు తుడవడానికి నూకరత్నం అనే మనిషిని పెట్టాడు. చేతిలో తడిగుడ్డ, చంకలో బకెట్టు. నూకరత్నం టీచరు గారి పాదు దగ్గర మొదలుపెట్టి, అదే గుడ్డతో మంత్రి గారు నడిచే దారిలో ఉన్న ప్రతి ఇంటి సొర, బీర, దోస పాదులు వరసగా తుడుచుకుంటూ వెళ్లేది. రోజూ పొద్దున్నే. ఎవరినీ చిన్నచూపు చూడలేదు.

"అమ్మా, ఆ గుడ్డతోనే అన్నీ తుడిస్తే అందరి పాదులకీ అంటుకుంటుంది," అన్నారు టీచరు గారు.

"తెల్సండి. మా ఇంటికాడ పొట్లపాదుకీ ఇదే వచ్చింది. పీకేశాను."

"మరి చెప్పొచ్చు కదా."

"నాకు తుడవమన్నారండి. చెప్పమన్లేదు."

పర్యటన రోజుకి మా వీధి మొత్తం సమానత్వం సాధించింది. ఏ ఇంటి పాదు చూసినా పిండి చల్లినట్టే ఉంది. కారు దిగిన మంత్రి గారు నాలుగడుగులు వేసి ఆగారు. అందరూ ఆగారు.

"ఏంటయ్యా ఈ తెలుపు?"

టైము పదకొండు. ఎండ మాడు పగలగొడుతోంది. ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

"మంచు పడిందండి."

మంత్రి గారు ఆకాశం వంక చూశారు, ఆకు వంక చూశారు. ఆ రెండు చూపుల మధ్య ఒక మనిషి తనతో తాను రాజీ పడటం నేను మేడమీంచి కళ్లారా చూశాను. అంత తక్కువ సమయంలో అది నాకు ఎప్పుడూ సాధ్యపడలేదు.

"పదకొండయినా కరగలేదంటే, చల్లదనం ఏ స్థాయిలో ఉందో చూడండి," అన్నారు విలేకరులతో. "ఇదివరకటి ప్రభుత్వాల్లో మన డెల్టాకి మంచు పడిందా?"

పడలేదని అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత టీచరు గారి పాదు దగ్గర మంత్రి గారికి జ్ఞాపికగా ఏమివ్వాలన్న సమస్య వచ్చింది. శాలువా కారులో ఉండిపోయింది. ఉదయభాస్కర్ చటుక్కున వంగి పాదుకున్న ఒక్క కాయనూ తుంచబోయాడు.

"అది కోయకు బాబూ," అన్నారు టీచరు గారు. "ఇంకా లేతది. తొడిమ ఎండాలి. చర్చికి మొక్కింది."

"మొక్కింది ఇవ్వడమే కదా మేడం," అని తెంపాడు. ఆ రోజు కత్తెర వద్దన్నవాడు చేత్తోనే తెంపాడు. మంత్రి గారు కాయను పసిబిడ్డలా ఎత్తుకుని ఫొటో దిగారు. నేను వరండాలోంచి అంతా చూశాను. నాకు బాగా కనిపించింది.

మర్నాటి పేపర్లో 'మన డెల్టాలో హిమపాతం' అని వచ్చింది.

కోత పండుగకు టీచరు గారు ఖాళీ చేతులతో వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. బలిపీఠం ముందు ధాన్యం బస్తాలు, అరటిగెలలు, కొబ్బరిబొండాలు. మధ్యలో ఎర్ర రిబ్బను కట్టిన ఒక గుమ్మడికాయ. ముఖ్య అతిథి శ్రీనివాసరాజు గారు మైకు అందుకున్నారు.

"భీమవరం దగ్గర మా తోటలో ఈ కాయ దానంతటదే సిలువ గుర్తుతో కాసింది. చూడగానే ఇది మీది అనుకున్నాను."

పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. జనం స్తోత్రం అన్నారు.

"పిన్నీసుతో గీశానన్నయ్యగారూ," అన్నారు టీచరు గారు నెమ్మదిగా. "చెయ్యి వణికి అడ్డగీత వంకర పోయింది, చూడండి."

"చెప్పరాదా?"

"ఎవరికి?"

వేలంలో ఆవిడే పాడుకున్నారు. మంత్రి గారి కాయకు పోటీకి వెళ్లడం మర్యాద కాదని మిగతావాళ్లు ఊరుకున్నారు. ఇంటికి వస్తుంటే కాయ కాస్త రొయ్యల వాసన వేసింది. మంత్రి గారికి రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఉంది.

ఆ సాయంత్రమే ఆ సిలువ గుమ్మడి విత్తనాలు నియోజకవర్గంలో ఇంటింటికీ పంచుతామని మంత్రి గారు ప్రకటించారు. సోమవారం ఉదయభాస్కర్ ఖాళీ కాగితం పొట్లాలు పట్టుకుని ఆ గింజల కోసం వచ్చేసరికి టీచరు గారు కాయ కోసి కూర్చున్నారు. పళ్లెంలో గింజలు కాగితాల్లా పల్చగా ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసి గోటితో నొక్కారు. పొట్టు విడిపోయింది. లోపల ఏమీ లేదు. ఇంకొకటి నొక్కారు. తర్వాత నొక్కడం మానేశారు.

ఉదయభాస్కర్ ట్యాబు తీశాడు. "ఇందులో రెండే ఉన్నాయండి మేడం. నాణ్యమైనవి, అతి నాణ్యమైనవి."

"ఇతర లేదా బాబూ?"

కిందికీ పైకీ జరిపి చూశాడు. "తీసేశారండి."

'అతి నాణ్యమైనవి' నొక్కి ట్యాబు నా ముందు పెట్టాడు. "సాక్షి సంతకం సార్."

కళ్లజోడు పైన మరిచిపోయానన్నాను.

"చదవక్కర్లేదండి, పెట్టడమే."

టీచరు గారు ఈసారి నా వైపు చూశారు. పళ్లెం నా ముందుకి జరిపారు.

సంతకం పెట్టాను. పెట్టాక చూస్తే గింజలు అలాగే ఉన్నాయి.