మంత్రిగారు మోసిన గాజు కలశం

గల్ఫ్‌లో కన్నుమూసిన తెలుగు కార్మికుల మృతదేహాలు ఇకమీదట వారం తిరక్కుండా సొంతూరు చేరతాయని మంత్రిగారు రియాద్‌లో ప్రకటించారు. ఒక్క శవం ఆగినా తాను అన్నం ముట్టనన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు దేవన్న. అతని అన్న ముత్తెన్న నాలుగు నెలలుగా జిజాన్‌లో ఓ మార్చురీలో ఉన్నాడు. అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని, అక్కడి మాటలో కఫీల్, సంతకం పెట్టడు, సంతకం లేనిదే శవం కదలదు.

దేవన్నను మంత్రిగారితో కలిపిస్తానని పార్టీ గల్ఫ్ విభాగం అధ్యక్షుడు లింబాద్రి మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాదు. మంత్రిగారి షెడ్యూల్‌లో సందు దొరికింది మ్యూజియంలోనే కాబట్టి అక్కడికే రమ్మన్నాడు.

అక్కడ అద్దాల పెట్టెలో లేతపచ్చ గాజు కలశం ఒకటుంది. రోమన్లు తమవాళ్లను దహనం చేసి, ఎముకలు అందులో పోసి పాతిపెట్టేవారట. కరిగిన గాజును గొట్టంతో ఊది చేశారని, రెండు వేల ఏళ్లయినా బీట పడలేదని గైడ్ చెప్పాడు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇదే అదను అనుకుని దేవన్న దండం పెట్టాడు.

"సార్, మా అన్న సచ్చిపోయి నాలుగు నెల్లాయె. శవం ఇంటికి రానిదే బొట్టు తియ్యనని మా వదినె కూసున్నది."

మంత్రిగారు అతని భుజం మీద చెయ్యేశారు. "చూశావా తమ్ముడూ, వీళ్లు రెండు వేల ఏళ్లు ఓపిక పట్టారు."

ఇంతలో మ్యూజియం వాళ్లు ఆ కలశం నమూనా ఒకటి మంత్రిగారికి బహూకరించారు. ఆయన రెండు చేతులా అందుకుంటుంటే దేవన్న పక్కనే ఏడుస్తున్నాడు. లింబాద్రి ఫోటో తీసి, 'ముత్తెన్న తమ్ముడితో మంత్రిగారు' అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. నాయకుడి చేతిలో కలశం, పక్కన ఏడ్చే మనిషి కనిపిస్తే మన దగ్గర ఇంకో అర్థం ఉండదు. తెల్లారేసరికి పేపర్లన్నీ 'ముత్తెన్న అస్థికలతో మంత్రి' అని రాశాయి.

అది తప్పని చెప్పమని దేవన్న బతిమాలాడు.

"సారే ఖండిస్తలేడు, నేనెట్ల ఖండిస్త తమ్మీ?" అన్నాడు లింబాద్రి.

శంషాబాద్‌లో పూలరథం సిద్ధంగా ఉంది. వచ్చిన జనాన్ని నిరాశపరచడం మంత్రిగారికి చేతకాదు. ఆ కలశాన్ని పట్టుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ముత్తెన్న ఊరిదాకా వెళ్లి, ప్రభుత్వ లాంఛనాలతో గోదావరిలో నిమజ్జనం చేశారు. గుడ్డ విప్పి చూడటం అపచారమన్నారు పంతులుగారు. ఒడ్డున ముత్తెన్న భార్య పోచవ్వ బొట్టు తీసింది. ఆరోజు మంత్రిగారు నిజంగానే అన్నం ముట్టలేదు, టిఫిన్‌తో సరిపెట్టుకున్నారు.

మరుసటి నెల కఫీల్ సంతకం పెట్టాడు. శవపేటిక తయారైంది. శవాన్ని తీసుకుంటామని ఇంటివాళ్ల తరఫున కలెక్టరాఫీసు నుంచి ఒక కాగితం రావాలి, అంతే. లాంఛనాలతో ఒకసారి వెళ్లిపోయిన మనిషికి మళ్లీ వచ్చే వీలు రూల్స్‌లో లేదని ఆ ఆఫీసువాళ్లు మర్యాదగా చెప్పారు.

ఇన్నాళ్లూ చెప్పే ధైర్యం చాలని దేవన్న వదినెకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. అన్న ఇంకా జిజాన్‌లోనే ఉన్నాడన్నాడు. వెనకాల క్యాంపు గది టీవీలో మంత్రిగారు, సౌదీలో మన శవం ఒక్కటి కూడా పెండింగ్ లేదని ప్రకటిస్తున్నారు. చప్పట్లు మోగుతున్నాయి.

అవి ఆగాక పోచవ్వ అడిగింది.

"అయితే దేవన్నా, నేను మల్ల బొట్టు పెట్టుకోవాల్నా?"