గడియకి పూసిన నీలిమందు

ఒకటో తరగతి పంతులమ్మ ఆ ఉదయం బడికి అరగంట ముందే వచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కోమని నెల రోజులుగా చెప్పి చెప్పి ఆమె నోరు అరిగింది గానీ, పిల్లలు కడుగుతున్నారో, ఊరికే తడుపుకుని వస్తున్నారో తెలియడం లేదు. అందుకని బట్టలకి పెట్టే నీలిమందు పొడి చిటికెడు తీసి బడికున్న ఒకే ఒక్క బాత్రూమ్ తలుపు గడియకి లోపలివైపు రాసింది. కుళాయి బయట వరండాలో ఉంది. సబ్బుతో రుద్దినవాళ్లకి రంగు పోతుంది, రుద్దనివాళ్లు దొరికిపోతారు. ముందుగా చెబితే పరీక్ష ఎలా అవుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్వెల్ కాకముందే వ్యవహారం చెయ్యి దాటింది. హాజరుపట్టీ మీద నీలి వేలిముద్ర. ఆఫీసు ఫోను మీద మరొకటి. ఇద్దరు పిల్లల్ని చేర్పించడానికొచ్చిన ఓ తండ్రి తెల్లచొక్కా భుజం మీద ఏకంగా నాలుగు వేళ్లు. "శుభ్రత బాగానే నేర్పుతున్నారు" అని ఆయన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

హెడ్మాస్టరు ముఖం కందగడ్డయింది. "ఎవరి పని ఇది?"

"సార్, అది నేనే..." అంటూ పంతులమ్మ ముందుకొచ్చింది.

"మీరు పిల్లల్ని వెనకేసుకు రాకండి! పొద్దున్నించి బాత్రూమ్‌కి వెళ్లిందెవరు?"

పిల్లల్లో వెళ్లింది ఒక్కతే. ఎప్పుడూ మట్టిలో ఆడుతుందని అందరూ మట్టిబుడత అని పిలిచే ఆరేళ్ల పిల్ల. ఆయన పిలవగానే అది చేతులు వెనక్కి దాచుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి? తల్లికి కబురెళ్లింది. బట్టలు కుట్టుకునే ఆ మనిషి మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"మీ అమ్మాయి చేతులు కడుక్కోదమ్మా. బడంతా పూసిపెట్టింది."

"నా వల్లే సార్, కాస్త వినండి!" పంతులమ్మ మళ్లీ అడ్డొచ్చింది. ఎవరూ వినలేదు.

తల్లి పిల్ల చేతులు ముందుకి లాగింది. రెండూ తెల్లగా ఉన్నాయి. నీళ్లలో నానిన వేళ్ల కొసలు ముడతలు పడ్డాయి.

"మరెందుకు దాచావే?"

పిల్ల భోరుమంది. "నీలం పోయేదాకా రుద్దానమ్మా. సబ్బంతా అయిపోయింది. సార్ తిడతారని..."

హెడ్మాస్టరు కరిగిపోయారు. వంగి, "తప్పు నాదే తల్లీ, ఏడవకు" అంటూ రెండు చేతులతో దాని కన్నీళ్లు తుడిచారు.

పిల్ల చెంపలు రెండూ ముదురు నీలమయ్యాయి.

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు. ఆయన కలం రోజూ కారేదే. పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక వేళ్లు నీలంగా కనిపిస్తే సిరాయే అనుకుని పంచెకి తుడుచుకుని ఊరుకున్నారు.

"సార్, కుళాయి వరండాలో ఉంది. నేను చూపిస్తా రండి," అంది మట్టిబుడత ముక్కు ఎగబీలుస్తూ.

ఆయన దాని వెనకే నడిచారు. పంతులమ్మ కొత్త సబ్బు తెచ్చిచ్చి, పావుగంట సేపు క్షమాపణ చెప్పుకుంది.

తల్లిదండ్రులని పిలిపించినప్పుడు కారణం రాసే పుస్తకం ఒకటుంది. హెడ్మాస్టరు దాన్ని ముందేసుకుని చాలాసేపు ఆలోచించి, "అభినందించడానికి" అని రాశారు.