మంగళవారం సంతకం

ఉచిత అంతర్జాల గ్రంథాలయంలో పుస్తకం దించుకోవాలంటే దాన్ని రాసినవారే వచ్చి సంతకం చేయాలని నిబంధన వచ్చినప్పటి నుంచి, విజయనగరం శాఖలో ప్రతి మంగళవారం చనిపోయిన రచయితలు వరసలో నిలబడుతున్నారు. మొదట్లో జనం వింతగా చూశారు. తర్వాత ఆ వరసకి పందిరి వేసి, మంచినీళ్ళ కుండ పెట్టి, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

హైమావతి వాళ్ళమ్మ కనకవల్లి బతికుండగా ఒకే ఒక్క కథల పుస్తకం వేసుకుంది. కూతురు దాన్ని తెరిచిన పాపాన పోలేదు. అమ్మ పోయిన ఆరేళ్ళకి బెంగపడి దరఖాస్తు పెడితే, కనకవల్లి ఆ పాత నేతచీరలోనే వచ్చి, సంతకం చేసి, "ఎలా ఉందే నా పుస్తకం?" అని అడిగింది. హైమావతి నీళ్ళు నమిలింది. ఇచ్చిన ఐదు నిమిషాలూ అయిపోయాయి.

ఇంటికెళ్ళి ఒక్క ఊపున చదివేసింది. ఇంత బాగా రాసే మనిషి చేత ఇన్నేళ్ళూ పప్పు రుబ్బించుకున్నామా అని కుమిలిపోయింది. ఆ మాట అమ్మకి చెప్పాలి. కానీ ఒక పుస్తకం మనిషికి ఒక్కసారే ఇస్తారు. ఇంకెవరైనా అడిగితేనే అమ్మ మళ్ళీ వస్తుంది.

ఇక ఆమె బతిమాలని మనిషి లేడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు గానీ, పుస్తకం దగ్గరికొచ్చేసరికి అందరికీ పనులే. పక్కింటి లెక్కల మాస్టారు "దసరా సెలవుల్లో చూద్దాం లెండమ్మా" అన్నారు. ఆయన రిటైరై తొమ్మిదేళ్ళయింది. అమ్మ ఉండిన రచయితల వాట్సాప్ గ్రూపులో అడిగితే నలభై రెండు మంది దండం బొమ్మలు పెట్టారు. దండాలు దరఖాస్తు కిందికి రావని గుమాస్తా జోగినాయుడు చెప్పాడు.

"మరి ఎవరూ అడగనివాళ్ళు ఎక్కడుంటారు బాబూ?"

"ఎనక గదిలో కూకుంతారమ్మా. అడగందే అమ్మయినా పెట్టదు గదా. ఎవులైనా అడిగితే పిలుస్తాం."

"నేను లోపలికి వెళ్ళొచ్చా?"

"రాసినోల్లకేనమ్మా."

జోగినాయుడు జాలిపడి రచయితల సహాయ విభాగం నుంచి ఉచిత నిఘంటువు, అట్టబొమ్మల నమూనాలు, తప్పులు దిద్దుకునే పద్ధతి ఇప్పించాడు. హైమావతి మూడు నెలలు కూర్చుని అమ్మ మీద ఒక పుస్తకం రాసి గ్రంథాలయంలోకి ఎక్కించింది. ఏడాది ఆగింది. ఒక్క దరఖాస్తూ రాలేదు.

జోగినాయుడు రిజిస్టరు తిరగేశాడు. "అయితే ఇబ్బంది నేదమ్మా. ఏడాది పాటు ఎవులూ అడక్కపోతే, బతికున్నోల్లని కూడా పోయినోల్ల కిందే రాసుకుంతాం. ఇక్కడో సంతకం ఎట్టండి."

గది కిక్కిరిసి ఉంది. సగం మందికి ఊపిరి ఆడుతూనే ఉంది. మూల బెంచీ మీద కనకవల్లి జరిగి చోటిచ్చింది.

"చదివానమ్మా. చాలా బాగుంది."

కనకవల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నీది ఎవరైనా అడిగారేంటే?" అంది.

"లేదమ్మా."

"పోన్లే. ఇక్కడే ఉంటావు."

బయట పేరు పిలిచినప్పుడల్లా తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుంటున్నారు. ఇంతవరకూ ఏ మంగళవారమూ భయపడాల్సిన అవసరం రాలేదు.