వణికే కొంగ కేసు

"నా కంటపడకుండా తప్పించుకోవాలంటే నేరస్థుడు అసలు పుట్టకుండా ఉండాలి" అని ప్రకటిస్తూ మా ఫొటో స్టూడియోలోకి వచ్చిన డేగ, తెరిచి ఉన్న తలుపు వదిలేసి పక్కనున్న అద్దాన్ని గుద్దుకున్నాడు. ముక్కు తడుముకుంటూ, అద్దం వాలకం అనుమానంగా ఉందని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

డేగ అన్నది వాడు తనకు తానే పెట్టుకున్న పేరు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదవడం ఉద్యోగం, మిగిలిన వేళల్లో అపరాధ పరిశోధన. ముప్పై ఏళ్ల స్నేహం కాబట్టి వాడి కేసులన్నింటికీ నేనే సాక్షిని, కొన్నింటిలో ముద్దాయిని కూడా. ఈసారి మాత్రం తప్పు నాదే. నోరు జారి కొంగ సంగతి వాడికి చెప్పాను.

మా డాబాకి ఎదురుగా నీళ్ల ట్యాంకు మీద ఒక కొంగ గూడు కట్టింది. దాని కాలికి నంబరు వేసిన చిన్న రింగు ఉంది. పక్షుల మీద పరిశోధన చేసే మేడమ్ ఒకావిడ, ఆ నంబరు కనిపించేలా ఫొటో తీసిపెట్టమని నన్ను అడిగారు. గూట్లోని పిల్లలకు రెక్కలొచ్చాయి, ఇవాళో రేపో గూడు ఖాళీ అయ్యేలా ఉంది. ఆ పని కోసమే దూరాన్ని దగ్గరకు లాగే పెద్ద లెన్సు ఒకటి, పాతది, కొన్నాను. కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి మామూలుది. రెండోది వణుకును ఆపేది: మన చేయి ఎటు కదిలితే లోపలున్న గాజు బిళ్ల దానికి ఎదురు కదిలి బొమ్మను నిలబెడుతుంది. స్టాండు ఉండగా ఆ హంగు దండగని మా ఆవిడ అంది. నేను రెండోదే తెచ్చాను.

ఎందుకో ఆమెకు చెప్పలేదు. ఆర్నెల్లుగా నా కుడిచేయి వణుకుతోంది. ఈ వృత్తిలో చేయి వణికితే ఇంక కొట్టు మూసుకోవడమే. ఆ భయంతో లెన్సు కొన్నాను, ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో దాన్ని చేత పట్టకుండా స్టాండుకే బిగించాను. వణుకాపే స్విచ్ ఆన్‌లో పెట్టి, జారిపోకుండా మా ఫొటోగ్రాఫర్లు చేసేట్టే దాని మీద టేపు ముక్క అంటించాను.

అయినా మబ్బు వెలుతురులో మూడు రోజులు తీసినవన్నీ అలికినట్టు వచ్చాయి. స్టాండు మీద కూడా ఇంతేనంటే, చేయితో పాటు కన్ను కూడా పోయిందనుకున్నాను. తిండి సయించలేదు.

డేగ ఆ ఫొటోలను ముక్కుకి ఆనించుకుని చూశాడు.

"మొదటి రోజు మూడు సున్నా మూడు. రెండో రోజు ఎనిమిది సున్నా ఎనిమిది. మూడో రోజు మూడు ఎనిమిదులు. ఏమర్థమైంది?"

"ఫొటో మసగ్గా ఉందని."

"పదివేల మీటర్లు చదివినవాణ్ణి రా. అంకె నాతో అబద్ధమాడదు. అది ఒక కొంగ కాదు, మూడు. అసలుదాన్ని మాయం చేసి రోజుకో నకిలీని కూర్చోబెడుతున్నారు. దీని వెనక పెద్ద ముఠా ఉంది."

కొంగల్ని మారిస్తే ముఠాకి ఏమొస్తుందని అడిగాను. అదే తెలిస్తే కేసు ఈపాటికి ముగిసేది కదా అని నా మీద జాలిపడ్డాడు.

మొదటి అనుమానం మేడమ్ మీద పడింది. బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని తిరిగే మనిషిని నమ్మకూడదట. వాడి మెళ్లోనూ ఒకటి వేలాడుతోందని గుర్తుచేస్తే, అది మారువేషంలో భాగమన్నాడు. రెండో అనుమానం మా ఆవిడ మీద. నిన్న పొద్దున పదింటికి ఎక్కడున్నావు చెల్లెమ్మా అని నిలదీశాడు. డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నానని చెప్పి, ఆవేళ్టి తడి దుప్పట్ల బకెట్టు అన్నయ్యగారి చేతికే ఇచ్చి పైకి పంపింది.

నాలుగో రోజు పొద్దున మేడమ్ డాబా మీదకు వచ్చారు.

"ఫొటోగ్రాఫర్ గారూ, ఇవాళ కూడా కుదరకపోతే నేనేమీ అనుకోను. నంబరు తెలియని పక్షి అని రాసేస్తాను" అన్నారు. తిట్టినా బాగుండేది.

కొంగ గూడు వదిలి ట్యాంకు అంచుకు నడిచింది. కెమెరాను అటు తిప్పుదామని స్టాండు బిగింపు వదులు చేశాను.

నా వెనక తీగ మీద ఆరేసిన దుప్పట్లలో ఒకదానికి బూట్లున్నాయి. ముఠాను పట్టుకోవడానికి డేగ గంట నుంచి అందులో మాటు వేశాడట. తడి దుప్పట్లో గంటసేపు నిలబడితే ఎవరికైనా తుమ్ములొస్తాయి. వాడి మూడో తుమ్ముకి తీగ తెగింది. దుప్పటితో సహా దొర్లుకుంటూ వచ్చి స్టాండును తన్నాడు. స్టాండు పడింది. ఊడిన కెమెరాను రెండు చేతులా పట్టుకున్నాను. ఈ గోలేమిటా అని కొంగ మెడ తిప్పి, కదలకుండా మా వైపే చూసింది. ముప్పై ఏళ్ల అలవాటు కదా, కెమెరా దానంతటదే కంటి దగ్గరికి వెళ్లింది. వణుకుతున్న వేలు మూడుసార్లు నొక్కింది. కొంగ ఎగిరిపోయింది.

తెర మీద రింగు కనిపించింది. మూడు, ఎనిమిది, మూడు. రింగు మీది గీతలు కూడా తెలుస్తున్నాయి.

మేడమ్ పిట్టగోడ మీద కూర్చుండిపోయారు. "పదకొండేళ్ల కిందట దీనికి రింగు వేసింది నేనే. నేను వేసిన మొదటిది. బతికి ఉందనుకోలేదు" అని కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు నాకు తెలిసింది. కదలని స్టాండు మీద ఎదుర్కోవడానికి వణుకు లేక, ఆ పాత లెన్సులోని బిళ్ల తనే ఊగుతూ బొమ్మను చెడగొట్టింది. స్టాండు ఎక్కించినప్పుడు ఆపెయ్యాల్సిన స్విచ్‌ను నేనే టేపేసి కదలకుండా చేశాను. నా చేతిలో ఉన్నప్పుడు మాత్రం దాని పని అది చక్కగా చేసింది.

"ముద్దాయి స్టాండని నాకు మొదటి రోజే తెలుసు. అందుకే తన్నాను" అంటూ దుప్పట్లోంచి ఒక తల బయటికొచ్చింది.

నేను మా ఆవిడకు చేయి సంగతి చెప్పేశాను. ఆమె తడి దుప్పటి మడత పెడుతూనే వింది.

"ఆర్నెల్లుగా మీ చేతిలో కప్పు సాసర్ మీద గణగణమంటుంటే నాకు వినపడదా? లెన్సు దండగంటే అప్పుడైనా నోరు విప్పుతారనుకున్నాను. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. కొట్టు మూసే మాట మాత్రం ఎత్తకండి."

రోజూ నా ఆ చేతి నుంచే టీ అందుకునే డేగ మటుకు, "వణుకా? ఎవరికి?" అన్నాడు.

ముద్దాయిని అరెస్టు చేసిన సందర్భంగా తనకో ఫొటో కావాలన్నాడు. స్టాండు మెడ పట్టుకుని డాబా ఆ చివర నిలబడ్డాడు. నేను ఈ చివర నుంచి, స్టాండు లేకుండా, అందరూ చూస్తుండగా చేత్తోనే తీశాను. వెనక గోడ ఇటుక ఇటుకా కనిపించేంత స్పష్టంగా వచ్చింది. మధ్యలో డేగ ఒక్కడే, ఛాతీ విరిచి, క్రాఫు సర్ది, ఈ పక్కకీ ఆ పక్కకీ తిరిగి, అలికినట్టు ఉన్నాడు. నా వణుకునైతే ఆ లెన్సు ఆపగలదు. వాణ్ణి ఆపే లెన్సు ఏ కొట్లోనూ లేదు.